నాలుగు కాదు తమ్ముడూ... ఐదు టైర్లు!

రాత్రి పదకొండు దాటింది. కార్తీక మాసపు వాన తెరిపిచ్చి అరగంటయింది. మా ఊరి వంకలో నా పికప్ వెనక ఎడమ టైరు చీలిపోయి, బండి ఒక పక్కకి ఒరిగి నిలబడిపోయింది. వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని మా అవ్వ పడుకుని ఉంది. ఆయాసం. ఒక్కో ఊపిరికీ గొంతులోంచి పిల్లికూత. 108కి అప్పటికే ఫోన్ చేశాం. అంబులెన్స్ తార్రోడ్డు దాకా వచ్చి ఉంటుంది. మేమున్న చోటి నుంచి ఆ తార్రోడ్డుకి మూడే మూడు కిలోమీటర్లు.

చూస్తే మా ఊళ్లో ఎవరికీ లేని బండి. ఫోర్ వీల్ డ్రైవ్. పులిగోళ్లలా గాట్లున్న పెద్ద టైర్లు. రీల్ పెడితే లైకుల వాన. అలాంటి బండి అవసరమైన రోజున మూడు కిలోమీటర్లు పోలేకపోయింది. తప్పు బండిది కాదు, నాది. ఆ తప్పేంటో చెప్పడానికే ఇది రాస్తున్నా. మీ పికప్‌కో, జీపుకో పెద్ద టైర్లు, కొత్త షాక్‌లు వేయిద్దామని మీరూ అనుకుంటుంటే, షాపులో అడ్వాన్స్ కట్టకముందే ఒకసారి చదవండి.

బండీ మన జిల్లాదే

మాది ఎర్రావారిపాలెం వైపు. తలకోన కొండలు ఇంటి ముందు నిలబడితే కనిపిస్తాయి. నాలుగెకరాల మామిడి తోపు ఉంది, ఎక్కువ భాగం తోతాపురి. సీజన్‌లో కాయ దామలచెరువు మండీకి తోలాలి. తోపులోంచి తార్రోడ్డు దాకా దారి అంటే ఒక మట్టి బాట, నాపరాళ్లు తేలిన గుట్ట, మధ్యలో వంక. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తా. శనివారం రాత్రికి ఊరు, సోమవారం పొద్దున్నే తిరుపతి.

ఈ దారికి మామూలు కారు పనికిరాదని, సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ తీసుకున్నా. నాలుగేళ్ల బండి, మీటరు మీద 78 వేల కిలోమీటర్లు. ఈ బండికీ మనకీ ఒక చుట్టరికం ఉంది. ఇసుజు కంపెనీ ఇండియా ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది. 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లా. దానికి దగ్గర్లోనే చినపాండూరులో 2020 జూన్‌లో అపోలో టైర్ల ఫ్యాక్టరీ వచ్చింది. అంటే ఆఫ్‌రోడ్ పికప్పూ మన దగ్గరే తయారవుతోంది, టైర్లూ మన దగ్గరే తయారవుతున్నాయి. కానీ ఏ బండికి ఏ టైరు వేసుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం మన దగ్గర తక్కువే. నాకు చెప్పింది యూట్యూబ్.

సైజు లెక్క తెలియక

బండి కొన్న రెండో నెలలోనే టైర్లు మార్చా. డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ చెప్పిన టైరు సైజు, గాలి ఎంత పెట్టాలి అన్నీ దాని మీదే ఉంటాయి. నా బండిది 255/60 ఆర్18. నేను వేయించింది 265/65 ఆర్18. చూడ్డానికి ఏముంది, పదో ఐదో తేడా అనుకున్నా.

ఆ అంకెలు చదవడం పెద్ద విద్యేం కాదు. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో అరవై శాతం. 18 అంటే రిమ్ము అంగుళాల్లో. లెక్క వేస్తే కంపెనీ టైరు మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. నేను వేయించిన టైరు ఎత్తు 802. అంటే దగ్గర దగ్గర 39 మిల్లీమీటర్లు ఎక్కువ.

సంతోషమే కదా అంటారా? ఆగండి. ఇరుసు టైరుకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. కాబట్టి బండి కింద పెరిగే ఖాళీ ఆ 39లో సగమే, 19 మిల్లీమీటర్లు. దాని కోసం నేను కట్టిన మూల్యం ఇదీ:

స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి నిజంగా 105 మీద పోతుంటుంది. ఒక్కో గేరూ ఐదు శాతం బరువెక్కినట్టే. ఖాళీ బండితో తెలియదు కానీ, వెనక కాయ వేసుకుని గుట్ట ఎక్కేటప్పుడు క్లచ్ వాసన వచ్చేది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుని బరబరమనేది. మైలేజీ పడిపోయింది.

అన్నిటికంటే భయపెట్టింది బ్రేకు. టైరు పెద్దదై బరువెక్కితే దాన్ని ఆపడానికి బ్రేకుకి ఎక్కువ పని. బ్రేకులేమో పాతవే. ఒకరోజు లోడుతో భాకరాపేట ఘాట్ దిగుతున్నా. 2022 మార్చిలో పెళ్లివాళ్ల బస్సు లోయలో పడిందే, ఆ ఘాట్. ఒక మలుపులో బ్రేకు తొక్కితే బండి నేననుకున్న చోట ఆగలేదు. నాలుగడుగులు ముందుకు పోయి ఆగింది. రెండో గేరుకి మార్చుకుని మెల్లగా దిగా. చేతులు చాలాసేపు వణికాయి. అయినా బుద్ధి రాలేదు. టైర్ల మీద మోజు తగ్గలేదు.

మా నాయన ఆ టైర్లను చూసిన రోజే ఒక మాట అన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలిన మనిషి. బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, వెనక వంగి కిందకి చూశాడు.

"నాలుగు మార్చినావు సరే. కింద ఏలాడే ఐదోది ఏం పాపం చేసింది రా?"

"అది స్టెప్నీ నాయనా. ఎప్పుడో గానీ పని పడదు. కంపెనీదే ఉండాది కదా, కొత్తది."

నాయన ఇంకేం అనలేదు. నేను డబ్బు మిగిలిందనుకున్నా. ఒక్కో టైరు పదివేల పైమాటే మరి.

వంకలో ఆ గంట

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. వాన నీళ్లకి వంకలో ఇసుక కొట్టుకుపోయి రాళ్లు బయటపడ్డాయి. 4ఎల్‌లో వేసుకుని మెల్లగా గట్టెక్కుతుంటే, నాపరాయి అంచు టైరు పక్కగోడని కోసేసింది. అరచేతి పొడవు చీలిక. మధ్య పట్టీలో మేకు దిగితే ప్లగ్ కొట్టి పోవచ్చు. పక్కగోడ చీలితే ఏ పంచర్ కిట్టూ పనికిరాదు. టైరు మార్చాల్సిందే.

మొదటి దెబ్బ: జాకీ. బండితో వచ్చిన జాకీ కంపెనీ టైరు ఎత్తుకి సరిపోతుంది. నా పెద్ద టైరుకి జాకీని ఆఖరి దాకా లేపినా కొత్త టైరు ఎక్కించేంత ఖాళీ రాలేదు. పైగా తడి ఇసుకలో జాకీయే కిందకి దిగిపోతోంది. నాయన చీకట్లో వెతికి ఒక బల్లపరుపు రాయి తెచ్చి కింద పెట్టాడు.

రెండో దెబ్బ: స్టెప్నీ దిగలేదు. పికప్పుల్లో స్పేర్ టైరు వెనక తొట్టి కింద ఉక్కు తాడుకి వేలాడుతుంటుంది. బంపరు దగ్గర రంధ్రంలో రాడ్డు పెట్టి తిప్పితే కిందకి దిగాలి. బండి కొన్నాక నేను ఒక్కసారి కూడా దించి చూడలేదు. రెండేళ్ల బురద పట్టి తుప్పుతో బిగుసుకుపోయింది. నాయన కింద దూరి సుత్తితో కొడుతుంటే నేను పైన రాడ్డు తిప్పుతున్నా. బండిలోంచి అవ్వ దగ్గు. అమ్మ ఏమీ మాట్లాడటం లేదు. అది ఇంకా భయం.

మూడో దెబ్బ టైరు బిగించాక తెలిసింది. వెనక ఒక పక్క 802 మిల్లీమీటర్ల టైరు, ఇంకో పక్క 763 టైరు. బండి కుంటి మేకలా నిలబడింది. గాలి కూడా సగమే ఉంది అందులో.

అదృష్టం ఏంటంటే, అక్కడి నుంచి తార్రోడ్డు దాకా అంతా తడి మట్టి. టైర్లకి జారే వీలుంది కాబట్టి 4ఎల్‌లో ఎలాగో లాగింది. తార్రోడ్డు ఎక్కగానే 2హెచ్‌కి మార్చేశా. టైరు చీలినప్పటి నుంచి అంబులెన్స్ దగ్గరికి చేరేసరికి గంటా పది నిమిషాలు. మామూలుగా అయితే పది నిమిషాల దారి. వాళ్లు అవ్వకి వెంటనే ఆక్సిజన్ పెట్టారు. ఆ కుంటి బండితోనే అంబులెన్స్ వెనక తిరుపతి దాకా నలభై మీద పోయా. అవ్వ బతికింది. నాలుగు రోజులకి ఇంటికొచ్చింది. "ఆలస్యమైంది, ఇంకొంచెం ముందు తేవాల్సింది" అని డాక్టరమ్మ అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సైజు కలవకపోతే ఏమవుతుంది?

మర్నాడు మెకానిక్ అన్న దగ్గరికి తీసుకుపోతే, బండి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఫోర్ వీల్ బండికి నాలుగూ ఒకే సైజుండాల అబ్బా. ఇదేమన్నా ఎద్దులబండి అనుకుంటివా?"

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. టైరు చిన్నదైతే అదే దూరం పోవడానికి ఎక్కువ చుట్లు తిరగాలి. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మలుపుల్లో రెండు చక్రాలకీ తేడా ఇవ్వడానికి ఉంది. తిన్నని రోడ్డు మీద కూడా ఆ తేడా ఆగకుండా ఉంటే లోపలి చిన్న పళ్లు వేడెక్కి అరిగిపోతాయి. ఇక 4హెచ్‌లో ఇలాంటి పికప్పులకి ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి బిగించినట్టు తిరుగుతాయి. తారు మీద టైరు జారదు కాబట్టి ఆ మెలి అంతా గేర్‌బాక్సు పక్కనున్న ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అది పోతే ఖర్చు ఐదో టైరుతో పోల్చేది కాదు. నాలుగు టైర్లూ ఒకే సైజున్నా సరే, ఆరిన తార్రోడ్డు మీద 4హెచ్ వాడకూడదన్నది కూడా ఇందుకే.

నా డిఫరెన్షియల్ ఆయిలు దించితే నల్లగా వచ్చింది కానీ ఉక్కు రజను లేదు. ఆయిలు మార్చి ఊపిరి పీల్చుకున్నా.

రెండోసారి ఎలా చేశానంటే

ఈసారి షాపుకి పోకముందు కాగితం మీద రాసుకున్నా: ఈ బండితో నాకు పనేంటి? వారానికి ఒకసారి మట్టి బాట, సీజన్‌లో లోడు, మిగతా అంతా హైవే. అంతే. దానికి కావాల్సింది పెద్ద టైరు కాదు, గట్టి టైరు.

టైర్లలో మూడు రకాలుంటాయి. హెచ్‌టీ అంటే హైవే కోసం. ఎంటీ అంటే పూర్తిగా బురద కోసం. గాట్లు లోతుగా ఉంటాయి, తారు మీద గోల చేస్తాయి, తొందరగా అరుగుతాయి, వానలో తారు మీద పట్టు కూడా తక్కువ. ఏటీ రెండింటికీ మధ్యరకం. మన తిరుపతి, చిత్తూరు దారులకి, తోపుకీ హైవేకీ మధ్య తిరిగేవాళ్లకి ఏటీ చాలు.

సైజు 265/60 ఆర్18 తీసుకున్నా. ఎత్తు 775 మిల్లీమీటర్లు, కంపెనీదానికంటే 12 మాత్రమే ఎక్కువ. స్పీడోమీటరు తేడా రెండు శాతం లోపే. ఎక్కడా రాసుకోదు. ఇంకో లాభం ఉంది. ఫార్చ్యూనర్ 4x4కి వచ్చేది ఇదే సైజు. మన ఊళ్లలో నాయకుల ఫార్చ్యూనర్లకి కొదవా? అందుకే పీలేరులో టైరు చీలినా, పలమనేరులో చీలినా ఈ సైజు దొరికే అవకాశం ఎక్కువ. అరుదైన సైజు వేసుకుంటే ఆర్డర్ పెట్టి వారం రోజులు బండి షెడ్డులో పెట్టుకోవాలి.

టైరు కొనేటప్పుడు సైజు పక్కన ఉండే చిన్న అంకె కూడా చూడండి. అది బరువు కోడ్. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. 108 అంటే 1,000 కిలోలే. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ అంకె ఉన్న టైరు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. లోడు బండికి అది ప్రాణం మీదికి తెస్తుంది. తయారీ తేదీ కూడా చూసుకోవాలి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం. రబ్బరు వాడకపోయినా వయసుతో గట్టిపడి పగుళ్లిస్తుంది.

ఈసారి ఐదు కొన్నా. ఐదోది కింద తొట్టిలో పడుతుందో లేదో కొలిచాకే కొన్నా. పెద్ద టైరు కొన్ని బండ్లలో అక్కడ పట్టదు, పట్టినా సైలెన్సర్‌కి తగులుతుంది. ఇప్పుడు ప్రతి ఎనిమిది వేల కిలోమీటర్లకీ ఐదు టైర్లనీ వంతులవారీగా తిప్పుతున్నా. స్పేర్ కూడా మిగతావాటితో సమానంగా అరుగుతుంది. అవసరమైన రోజు ఐదూ ఒకే ఎత్తులో ఉంటాయి. పైగా తిప్పిన ప్రతిసారీ స్టెప్నీ దించే గొలుసు పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. కాస్త గ్రీజు పూస్తే సరి.

"ఇప్పుడు కొత్త కార్లకి స్పేరే ఇవ్వడం లేదు కదా అన్నా" అని మా తమ్ముడు అడిగాడు. నిజమే. 2020 జూలైలో కేంద్రం రూలు మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే మీటరు, పంచర్ కిట్టు ఉంటే 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ బండ్లకి స్పేర్ తప్పనిసరి కాదు. సిటీ కారుకి సరే. పక్కగోడని రాయి కోసేసే చోట కిట్టు ఏం చేస్తుంది? ఎడారుల్లో జరిగే డకార్ ర్యాలీలో పెద్ద కార్లు రెండేసి స్పేర్లు మోసుకుని పోతాయి. వాళ్లకి లేని ధైర్యం మనకెందుకు?

షాక్‌లు ఎత్తు పెంచవు

ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. బండి బరువు మోసేది స్ప్రింగులు. వి-క్రాస్‌లో ముందు చుట్టల స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. షాక్ అబ్జర్బర్ బరువు మోయదు. గుంతలో పడి లేచిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపడమే దాని పని. లోపల ఆయిలు ఉంటుంది. పిస్టన్ కదిలినప్పుడు ఆ ఆయిలు సన్నటి రంధ్రాల్లోంచి దూరాలి. ఆ బిగువే ఊపుని మింగేస్తుంది, దాన్ని వేడిగా మార్చేస్తుంది.

మట్టి బాట మీద గంటసేపు గడగడలాడితే ఆ ఆయిలు వేడెక్కి నురగ కడుతుంది. నురగకి బిగువుండదు. అప్పుడు బండి పడవలా ఊగుతుంది, మలుపులో టైరు నేలని వదిలేస్తుంది. గ్యాస్ షాక్‌లలో నైట్రోజన్ ఒత్తిడి ఆయిలుని నురగ కట్టకుండా ఆపుతుంది. ఆఫ్‌రోడ్ వాళ్లు వాటికి ఎక్కువ డబ్బు పెట్టేది అందుకే, చూడ్డానికి బాగుంటాయని కాదు. ఆస్ట్రేలియాలో 1975లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు ఇలాంటి సామాను మీదే పేరు తెచ్చుకున్నాయి. వందల కిలోమీటర్లు మట్టి రోడ్లే ఉండే దేశం అది.

మీ షాక్‌లు పోయాయో లేదో ఇంట్లోనే చూడొచ్చు. షాక్ గొట్టం మీద ఆయిలు కారి దుమ్ము అంటుకుని ఉందా? టైరు మీద చెయ్యి తడిమితే గుంతలు గుంతలుగా అరిగిందా? బండి మూలని గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే పని అయిపోయినట్టే. నావి మూడు పరీక్షల్లోనూ ఫెయిల్.

నేను బండి ఎత్తు మార్చలేదు. కంపెనీ పొడవుకే సరిపడే గ్యాస్ షాక్‌లు నాలుగూ ఒకేసారి వేయించా. వెనక ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేద్దామని ఒకాయన చెప్పాడు. లోడు ఉన్నప్పుడు బాగుంటుంది కానీ, ఖాళీగా పోయినప్పుడు బండి కుప్పిగంతులేస్తుంది. నేను ఏడాదిలో పది నెలలు ఖాళీగానే తిరుగుతా. వద్దన్నా. ఇక లిఫ్ట్ కిట్టు వేస్తే ముందు ఇరుసు కీళ్లు ఎక్కువ వంపులో తిరిగి తొందరగా పోతాయి, అలైన్‌మెంట్ దొరకదు, బండి బరువు పైకెక్కి మలుపులో పల్టీ కొట్టే భయం పెరుగుతుంది.

వంక దాటేటప్పుడు ఇప్పుడు ఇంకో పని చేస్తున్నా. అసలు ఖర్చే లేని పని. రాళ్లు, ఇసుక వచ్చే ముందు టైర్లలో గాలి 20-22 పీఎస్‌ఐకి దించుతా. టైరు కాస్త పరుచుకుని నేలని ఎక్కువ పట్టుకుంటుంది. వేగం మాత్రం నడక కంటే కొంచెమే ఎక్కువ. తార్రోడ్డు ఎక్కేముందు బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్‌తో మళ్లీ నింపేస్తా. మరిచిపోయి తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలుతుంది. పెద్ద టైర్లు ఇవ్వని పట్టు నాకు ఈ చిన్న కంప్రెసర్ ఇచ్చింది.

చట్టం, చెక్‌పోస్టు, అడవి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేదీ ఇవే. అందుకే కొనేముందు మీ ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి తెలుసుకోండి.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఎర్రచందనం. దాని కోసం తిరుపతిలో ప్రత్యేకంగా టాస్క్ ఫోర్సే ఉంది. శేషాచలం అంచున రాత్రిపూట పైకి లేపిన పికప్ కనబడితే ఆపి, తొట్టి తీయించి, కింద టార్చి వేసి చూస్తారు. నన్నూ ఆపారు. ఆ పెద్ద టైర్లున్న రోజుల్లో ఎక్కువసార్లు ఆపారు. వాళ్ల పని వాళ్లు చేశారు, కాగితాలు చూపించి వచ్చేశా. అలాగే టైర్లు బాగున్నాయి కదా అని శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోకో, రిజర్వ్ ఫారెస్టులోకో రీల్ కోసం బండి తోలకండి. అనుమతి లేకుండా పోతే కేసు మామూలుగా ఉండదు. పైగా అది జంతువుల ఇల్లు.

బండిలో ఇప్పుడు ఏమున్నాయంటే

ఒకే సైజు స్టెప్నీ, నిండా గాలితో. ఎత్తు చాలే జాకీ. దాని కింద పెట్టడానికి అడుగు చదరం మందపు చెక్క పలక. చక్రాలకి అడ్డుపెట్టే రెండు చెక్కలు. పొడుగు పిడి ఉన్న వీల్ స్పానర్. ప్లగ్ కిట్టు, కంప్రెసర్, తల దీపం. అన్నీ కలిపి ఒక గోనె సంచిలో పడతాయి. వీటిలో ఏదీ రీల్‌లో కనబడదు.

ఇంకొక్కటి. ఏడాదికి రెండుసార్లు, పనేం లేని ఆదివారం, ఇంటి ముందే టైరు విప్పి స్టెప్నీ వేసి చూస్తా. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. మొన్న పద్దెనిమిది నిమిషాల్లో అయింది. నాయన గడియారం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ పక్కనే మంచం మీద పడుకుని చూస్తోంది. ఆమెకి బండి గురించి ఏమీ తెలియదు. టైర్లు చిన్నవైపోయాయని మాత్రం కనిపెట్టింది.

"ఏం రా, టైర్లు చిన్నవి ఏసినావే? ముందువే బాగుండె గదా!"

"ఇవి మంచివి అవ్వా."

"ఏమోలే. పోతే చాలు."

అవును. పోతే చాలు. ఆ రాత్రి పోలేదు కాబట్టే ఇంత రాయాల్సి వచ్చింది. మీరు ఇది చదివేసి ఫోన్ పక్కన పెట్టగానే చేయాల్సిన పని ఒక్కటే. కిందికి పోయి, మీ బండి వెనక వంగి, ఐదో టైరు ఒకసారి చూడండి. దాని సైజు ఎంత, గాలి ఉందా, కిందకి దిగుతుందా? మిగతా నాలుగూ మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించొచ్చు.